మోడల్ ఇంజనుకు నంబరు, నేమ్‌ప్లేటు, అక్షరాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖలో మోడల్ రైళ్లు చేసేవాళ్లం కొద్దిమందిమే. అయినా కొత్తగా మొదలుపెట్టిన ప్రతి ఒక్కరూ దాదాపు అవే సందేహాలు అడుగుతున్నారు. పాత నంబరు ఎలా చెరపాలి, అక్షరం చుట్టూ ఈ తెల్లటి మెరుపేంటి, ఇత్తడి ప్లేటుకి ఏ జిగురు వాడాలి అని. ఫోన్లో ముక్కలుముక్కలుగా చెప్పేకన్నా అన్నీ ఒకచోట రాసి పెడదామనిపించింది. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి. పైవన్నీ చదివి రావాల్సిన పని లేదు.

## మొదలుపెట్టే ముందు

ఇంజను ఎలాగూ బాగానే ఉంది కదా, నంబరు మారిస్తే అంత తేడా ఏముంటుంది?

డబ్బాలోంచి తీసిన మోడల్ ఒక తరగతికి, అంటే ఒకే రకం ఇంజన్లన్నిటికీ, నమూనా, అంతే. దాని మీద నంబరు, షెడ్డు (ఇంజన్లని నిలిపి బాగుచేసే చోటు) పేరు, రైల్వే జోన్ అక్షరాలు పడ్డాక అది ఫలానా ఇంజను అవుతుంది. ఇంజన్ల షెడ్డున్న మర్రిపాలెం వైపు పెరిగినవాళ్లకి ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. చిన్నప్పుడు మేం ఇంజన్లని నంబర్లతోనే గుర్తుపెట్టుకునేవాళ్లం. ఒకే పెట్టెలో వచ్చిన రెండు మోడళ్లు పక్కపక్కన నిలబెట్టి, ఒకదానికి సరైన నంబరు వేసి చూడండి. కన్ను దాని మీదికే పోతుంది.

ఏ ఇంజను, ఏ సంవత్సరం అన్నది ఎలా తేల్చుకోవాలి?

ఒకే ఒక్క ఫొటో ఎంచుకోండి. ఆ ఫొటోలో ఏముందో అదే వేయండి. నాలుగు ఫొటోల్లోంచి నచ్చినవి ఏరి కలిపితే ఏ రోజూ పట్టాల మీద లేని ఇంజను తయారవుతుంది.

సంవత్సరం ఎందుకంత ముఖ్యమో మన వాల్తేరు డివిజనే మంచి ఉదాహరణ. 2003 ఏప్రిల్ 1న తూర్పు కోస్తా రైల్వే వచ్చేదాకా మనం ఆగ్నేయ రైల్వే కింద ఉన్నాం. కాబట్టి 1990ల నాటి ఇంజను చేస్తూ దాని మీద తూర్పు కోస్తా అక్షరాలు వేస్తే తప్పు. విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా జోన్‌ని 2019 ఫిబ్రవరిలో ప్రకటించారు. అలాగని ఆ తర్వాతి ఇంజన్లన్నిటి మీదా ఆ పేరు వేసేయకండి. ఫొటోలో కనిపిస్తేనే వేయాలి.

నంబరుకీ తరగతికీ కూడా పొంతన ఉండాలి. డబ్ల్యూ అంటే బ్రాడ్‌గేజ్, ఏ అంటే ఏసీ కరెంటు, డీ అంటే డీజిల్, జీ గూడ్సు, పీ ప్యాసింజరు, ఎం రెండూ లాగేది. డబ్ల్యూఏపీ-7ల వరస 30201తో మొదలైంది. డబ్ల్యూఏజీ-7కి 27 వేల నంబర్లు, డబ్ల్యూఏజీ-9కి 31 వేల నంబర్లు చూస్తాం. డబ్ల్యూఏజీ-9 బాడీ మీద 27 వేల నంబరు కనిపిస్తే తెలిసినవాళ్లకి కళ్లలో నలుసు పడ్డట్టే.

హెచ్‌ఓ (1:87 స్కేలు) పట్టాల మీద మన బ్రాడ్‌గేజ్ ఇంజను పెడుతున్నాం. అక్షరాలు ఏ స్కేలులో చేయాలి?

బాడీ ఏ స్కేలైతే అక్షరాలూ ఆ స్కేలే. మన బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు. 1:87 ప్రకారం పట్టాల మధ్య దాదాపు 19.3 మిల్లీమీటర్లు రావాలి, కానీ హెచ్‌ఓ పట్టా 16.5 మాత్రమే. ఆ తేడా పట్టాల దగ్గర సర్దుకున్నదే. అక్షరాలు తగ్గించడానికి అది కారణం కాదు. బ్రిటిష్ ఓఓ మోడల్ అయితే 1:76 లెక్క వాడండి.

అసలు ఇంజను మీద అక్షరం ఎంత ఎత్తుందో మనకెలా తెలుస్తుంది?

చక్రంతో పోల్చండి. మన మెయిన్‌లైన్ డీజిల్, ఎలక్ట్రిక్ ఇంజన్లలో చాలావాటికి కొత్త చక్రం వ్యాసం 1092 మిల్లీమీటర్లు. ఇంజనుకి సరిగ్గా ఎదురుగా నిలబడి తీసిన పక్క ఫొటోలో చక్రం ఎత్తూ, నంబరు ఎత్తూ స్కేలుతో కొలవండి. నంబరు చక్రంలో నాలుగో వంతు ఉంటే అసలు ఎత్తు 273 మిల్లీమీటర్లు. దాన్ని 87తో భాగిస్తే సుమారు 3.1 మిల్లీమీటర్లు. అరిగిన చక్రం కొంచెం చిన్నగా ఉంటుంది కానీ మన పనికి ఆ తేడా లెక్కలోకి రాదు. ఓరగా తీసిన ఫొటో మాత్రం వాడొద్దు.

ఫొటోలు ఎక్కడ తీసుకోవాలి?

ప్లాట్‌ఫాం మీద నిలబడి, రైల్వేవాళ్లు వద్దన్నచోట ఆగిపోయి. పట్టాల మీదికి దిగొద్దు, షెడ్డు గోడ దగ్గరికి వెళ్లొద్దు. ఇరవై ఐదు వేల వోల్టుల తీగ కింద మన సరదాకి స్థానం లేదు. ఒక్క ఇంజనుకే రెండు పక్కలూ, రెండు ముఖాలూ దొరికేదాకా ఓపిక పట్టండి. ఒక పక్క ఉన్న చిన్న రాత రెండో పక్క ఉండకపోవచ్చు.

ఏమేం కొనాలి? ఇక్కడ దొరుకుతాయా?

సగం సరుకు ఊళ్లోనే దొరుకుతుంది. సన్నటి పట్టకారు, కొత్త బ్లేడ్లు, సన్న బ్రష్షులు, ఇయర్ బడ్స్, 1200, 2000 నంబరు వాటర్ పేపరు, సన్న ఆకురాళ్లు కావాలి. వీటికి పూర్ణా మార్కెట్ చుట్టుపక్కల ఒక సాయంత్రం తిరిగితే చాలు. డిస్టిల్డ్ వాటర్ బ్యాటరీ షాపులో, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ మందుల షాపులో అడగండి. డెకాల్ షీట్లు (కాగితం మీంచి మోడల్ మీదికి దించే పలచటి అక్షరాలు), మైక్రో సెట్, మైక్రో సాల్ (డెకాల్ సరిగ్గా అతుక్కోవడానికి వాడే ద్రవాలు), ఇత్తడి ప్లేట్లు మాత్రం తెప్పించుకోవాల్సిందే.

## పాత నంబరు తీయడం

కంపెనీవాళ్లు ప్రింట్ చేసిన నంబరుని రంగు పాడవకుండా తీయడం ఎలా?

ముందు బాడీ అడుగున, ఎవరికీ కనపడని చోట పరీక్షించండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ఇయర్ బడ్ ముంచి, పిండేసి, నంబరు మీద చిన్నచిన్న వృత్తాలుగా తిప్పండి. నొక్కొద్దు. ఒకటి రెండు నిమిషాల్లో దూదికి తెల్లరంగు అంటుకోవడం మొదలవుతుంది. బడ్ మీద ఇంజను రంగు కనిపించిన క్షణం ఆపేయండి. ఆల్కహాల్‌కి లొంగకపోతే ఎనామిల్ థిన్నర్‌తో ఇదే పద్ధతి. అంచుల్లో మిగిలిన చుక్కల్ని పళ్లు కుట్టుకునే పుల్లతో గీకండి, గోటితో కాదు. నెయిల్ పాలిష్ రిమూవర్ దగ్గరికి రానివ్వకండి, అందులోని అసిటోన్ ప్లాస్టిక్‌నే కరిగించేస్తుంది.

ఐదు అంకెల్లో రెండే మారాలంటే ఆ రెండే తీయండి. మిగిలిన మూడింటికి సరిపోయే ఆకారం, ఎత్తు మీ షీట్‌లో ఉందో లేదో ముందే చూసుకోండి. లేకపోతే ఐదూ తీసేయడమే మంచిది.

నంబరు పోయింది కానీ అక్కడ మెరుస్తూ మచ్చ మిగిలింది. పాడైపోయిందా?

లేదు. రుద్దినచోట నునుపు తేలింది, అంతే. చివర్లో మొత్తం మీద వార్నిష్ వేస్తే కలిసిపోతుంది.

## డెకాల్స్, ట్రాన్స్‌ఫర్లు

వాటర్‌స్లైడ్, ప్రెస్‌ఫిక్స్, మెథ్‌ఫిక్స్ అని రకరకాలుగా ఉన్నాయి. కొత్తవాళ్లకి ఏది మంచిది?

వాటర్‌స్లైడ్. నీళ్లలో ముంచితే పలచటి పొర కాగితం మీంచి జారుతుంది, పెట్టాక కూడా కాసేపు జరుపుకోవచ్చు. ప్రెస్‌ఫిక్స్ జిగురుతో వస్తుంది, సరైన చోట నొక్కి, వెనక కాగితాన్ని తడిపి తీయాలి. మెథ్‌ఫిక్స్‌కి మూడు వంతుల మిథిలేటెడ్ స్పిరిట్, ఒక వంతు నీళ్లు కలిపిన ద్రవం కావాలి. ఈ చివరి రెండిట్లో అక్షరం చుట్టూ పారదర్శకమైన పొర ఉండదు కాబట్టి పెయింటర్ చేత్తో రాసినట్టే కనిపిస్తాయి. కానీ అవి ఎక్కువగా బ్రిటిష్ రైల్వేల గుర్తులకే దొరుకుతాయి. మన ఇంజన్ల రాతలకి చాలావరకు వాటర్‌స్లైడే దారి.

డెకాల్ పెట్టాక అక్షరాల చుట్టూ వెండిలా మెరుస్తోంది. ఎందుకు?

దాని కింద గాలి చిక్కుకుంది. మ్యాట్ రంగు కంటికి నున్నగా కనిపించినా నిజానికి అది గరుకు నేల. డెకాల్ ఆ గుట్టల మీద పడుకుంటుంది, గుంటల్లో గాలి మిగులుతుంది, వెలుతురు అక్కడ చెదిరి తెల్లగా మెరుస్తుంది. అందుకే డెకాల్ వేసేముందు ఆ భాగానికి గ్లాస్ (మెరిసే రకం) వార్నిష్ పలచగా వేసి పూర్తిగా ఆరనివ్వాలి. ఆ ఒక్క పని దాటేసి, తర్వాత గంటలు గంటలు బాగుచేస్తూ కూర్చున్నవాళ్లని చాలామందిని చూశాను.

ఇప్పటికే మెరుస్తుంటే సన్న సూదితో ఆ భాగంలో నాలుగైదు చోట్ల గుచ్చి, మైక్రో సాల్ ఒక చుక్క వేసి వదిలేయండి. ద్రవం రంధ్రాల్లోంచి లోపలికి దిగి పొరని కిందికి లాగుతుంది. రెండు మూడు సార్లు చేయాల్సి రావచ్చు.

డెకాల్ పెట్టే పద్ధతి మొదటి నుంచి చెప్పండి.

అక్షరానికి వీలైనంత దగ్గరగా కొత్త బ్లేడుతో కత్తిరించండి. పట్టకారుతో పట్టుకుని గోరువెచ్చటి డిస్టిల్డ్ వాటర్‌లో పది, పదిహేను సెకన్లు ముంచి, తీసి టిష్యూ మీద ఒక నిమిషం ఉంచండి. నీళ్లలోనే వదిలేస్తే జిగురంతా కరిగిపోయి డెకాల్ తేలిపోతుంది. ఈలోపు ఇంజను మీద పెట్టాల్సినచోట మైక్రో సెట్ (నీలం లేబుల్ సీసా) బ్రష్షుతో రాయండి. డెకాల్ జారడం మొదలయ్యాక, కాగితంతో సహా ఇంజను దగ్గరికి తెచ్చి తడి బ్రష్షుతో మెల్లగా తోయండి. స్థానం సరిచూసుకుని టిష్యూ మొనతో మధ్యలోంచి అంచులకి నీళ్లు పీల్చండి.

పది నిమిషాల తర్వాత మైక్రో సాల్ (ఎరుపు లేబుల్). ఇది పొరని మెత్తబరిచి రివెట్ల మీదా, తలుపు గాడుల్లోకీ దించుతుంది. ఒక పక్క పూర్తయి ఆరాకే రెండో పక్క తిప్పండి. మర్నాడు తడి బ్రష్షుతో మిగిలిన జిగురు మరకలు కడిగేయాలి, లేకపోతే వార్నిష్ కింద పసుపుగా తేలతాయి.

మైక్రో సాల్ వేయగానే డెకాల్ ముడతలు పడిపోయింది! టెన్షన్‌గా ఉంది, ఏం చేయాలి?

ఏమీ చేయొద్దు. చేయి వెనక్కి తీసుకోండి. ఆ ముడతలు మందు పనిచేస్తోందనడానికి గుర్తు. అరగంటలో వాటంతటవే సాగి బాడీకి అతుక్కుంటాయి. ఆ సమయంలో పొర తడి అప్పడంలా ఉంటుంది, వేలు తగిలితే చిరిగిపోతుంది.

ఐదు అంకెలూ ఒక వరసలో రావడం లేదు.

బాడీ మీద మాస్కింగ్ టేపు సన్నగా కత్తిరించి అంకెల అడుగు గీతగా అతికించండి. మొదట మధ్య అంకె పెట్టి, దాని నుంచి రెండు వైపులా వెళ్లండి. ఎడమ నుంచి మొదలుపెడితే చివరి అంకెకి చోటు చాలక ఇరుకవుతుంది. అంకెల మధ్య ఖాళీ స్కేలుతో సమానంగా కొలిచినా 1 అంకె పక్కన ఎక్కువ ఖాళీ ఉన్నట్టు కనిపిస్తుంది. అక్కడ కొలతని కాదు, ఫొటోని నమ్మండి.

ఇంట్లో ప్రింటర్‌తోనే డెకాల్ చేసుకోవచ్చా?

నల్ల అక్షరాలకైతే హాయిగా చేసుకోవచ్చు. ఇంక్‌జెట్ డెకాల్ పేపరు మీద ప్రింట్ తీసి, పూర్తిగా ఆరాక క్లియర్ లాకర్ (రంగులేని వార్నిష్) రెండు మూడు పలచటి కోట్లు వేయాలి, లేదంటే నీళ్లలో ముంచగానే ఇంకు కరిగిపోతుంది.

చిక్కంతా తెల్ల, పసుపు అక్షరాలతోనే. మామూలు ప్రింటర్‌లో తెల్ల ఇంకు ఉండదు. తెల్ల డెకాల్ పేపరు మీద చుట్టూ ఇంజను రంగు ప్రింట్ చేసి, మధ్యలో అక్షరం ఖాళీ వదలడం ఒక పద్ధతి. అయితే ప్రింటర్ రంగూ బాడీ రంగూ అచ్చంగా కలవడం కష్టం. పసుపు అక్షరం పారదర్శక పేపరు మీద ప్రింట్ చేస్తే ముదురు రంగు మీద కనపడకుండా పోతుంది. ఈ రెండు రంగులకీ తెల్ల టోనర్ ఉన్నవాళ్ల దగ్గర ఆర్డర్ ఇవ్వమనే నా సలహా. అందరూ తలా ఒక మూల పంచుకుని ఒక ఏ4 షీట్ చేయించుకుంటే ఖర్చు తగ్గుతుంది.

బండ్లకి రేడియం స్టిక్కర్లు కోసేవాళ్లు ఉన్నారు కదా, వాళ్లతో చేయించకూడదా?

మందం ఒప్పుకోదు. స్టిక్కర్ వినైల్ సుమారు 0.08 మిల్లీమీటర్లు ఉంటుంది. 87తో గుణిస్తే అసలు ఇంజను మీద ఏడు మిల్లీమీటర్ల రేకు అతికించినట్టు. పక్కనుంచి లైటు పడితే అంచు గోడలా కనిపిస్తుంది. పైగా మూడు మిల్లీమీటర్ల అంకెని ఆ కట్టర్ శుభ్రంగా కోయలేదు.

హిందీ అక్షరాలు ప్రింట్‌లో విరిగిపోతున్నాయి. ఎందుకని?

ఫాంటు తేడా. పాత డీటీపీ సాఫ్ట్‌వేర్‌లో యూనికోడ్ అక్షరాలు పెడితే ఒత్తులు, గుడి విడిపోయి పక్కకి పడతాయి. నా ఇంజను ఒకదాని షెడ్డు పేరు ఇలాగే ముక్కలై వచ్చింది. షీట్ మొత్తం ప్రింటయ్యాకే చూసుకున్నాను. అప్పటి నుంచి రాతని బొమ్మగా మార్చి, అంటే అక్షరాలని గీతలుగా మార్చిన పీడీఎఫ్ చేసి ఇస్తున్నాను. అంకెల విషయంలో ఇంకో అడుగు ముందుకెళ్లి ఫొటో మీద ట్రేస్ చేసుకోండి. షెడ్డు పెయింటర్ వేసిన 3, 7 ఏ కంప్యూటర్ ఫాంటులోనూ దొరకవు.

## ప్లేట్లు

మన ఇంజన్లకి అసలు ప్లేట్లుంటాయా? అన్నీ పెయింటే కదా?

నంబర్లు ఎక్కువగా పెయింటే. కానీ తయారీదారు ప్లేటు ఉంటుంది, చిన్నదే అయినా అదే ఇంజను పుట్టిన ఊరు చెబుతుంది. చిత్తరంజన్ కార్ఖానాలో పుట్టిందా, వారణాసిలోనా అన్నది చూడండి. వారణాసి డీజిల్ కార్ఖానాకి 2020లో బనారస్ లోకోమోటివ్ వర్క్స్ అని పేరు మారింది కాబట్టి అంతకుముందు పుట్టిన ఇంజనుకి పాత పేరే రావాలి. 1980ల చివర్లో మన విశాఖ షెడ్డుకి వచ్చిన డబ్ల్యూఏజీ-6లు స్వీడన్ ఏఎస్ఈఏ (ASEA) కంపెనీవి కొన్ని, జపాన్ హిటాచీవి కొన్ని. వాటిని ఎవరైనా మోడల్‌గా చేస్తే చూడాలని నాకెంతో ఆశ.

ఆవిరి ఇంజన్లలో ఈ వైభవం ఎక్కువ. నార్త్ బ్రిటిష్ కంపెనీ వజ్రం ఆకారం ప్లేటు దూరం నుంచే పోల్చుకోవచ్చు. డబ్ల్యూపీ తరగతిలో మొదటిది, 1947లో బాల్డ్విన్ చేసిన 7200కి ఆజాద్ అని పేరు. డబ్ల్యూఏపీ-7లో మొదటిదైన 30201కి నవకిరణ్ అన్న పేరుంది.

ఇత్తడి రేకులోంచి ప్లేటుని వంగకుండా ఎలా తీయాలి? రంగు ఎలా వేయాలి?

రేకుని గాజు పలక మీదో, టైలు ముక్క మీదో పెట్టి, ప్లేటుని పట్టుకుని ఉన్న సన్న కాడల్ని బ్లేడుతో నిలువుగా నొక్కి కోయండి. చెక్క మీద పెడితే కింద మెత్తగా ఉండి ప్లేటు వంగుతుంది. కాడల మొదళ్లు ఆకురాయితో సాపు చేయాలి.

రంగు మాత్రం రేకులోంచి తీయకముందే వేసుకోండి, పట్టుకోవడానికి వీలుగా ఉంటుంది. స్పిరిట్‌తో జిడ్డు తుడిచి, ప్రైమర్ వేసి, నేపథ్యం రంగు పలచగా వేయండి. ఒక రోజు ఆరాక 2000 వాటర్ పేపరుని చదునైన పలక మీద పరిచి, ప్లేటుని బోర్లా పెట్టి రెండు మూడు సార్లు మెల్లగా లాగండి. పైకి ఉబ్బిన అక్షరాల మీద రంగు పోయి ఇత్తడి మెరుస్తుంది, గుంటల్లో రంగు నిలుస్తుంది. ఈ పనిలో ఆ ఒక్క క్షణం కోసం నేను ఎన్ని గంటలైనా కూర్చుంటాను.

ప్లేటు అతికించడానికి ఫెవిక్విక్ వాడొచ్చా?

వద్దు. దాని ఆవిరి చుట్టుపక్కల రంగు మీద తెల్లటి బూజులా పేరుకుంటుంది, పైగా వంకర పడితే సరిచేసే వ్యవధి ఇవ్వదు. గ్లాస్ వార్నిష్ చుక్క ఒకటి పుల్లతో ప్లేటు వెనక రాసి అతికించండి. ఐదు నిమిషాల దాకా జరుపుకోవచ్చు, పక్కకి వచ్చినది ఆరితే కనపడదు. కొంచెం బరువున్న ప్లేటుకి, ఆరాక పారదర్శకమయ్యే తెల్ల జిగురు మంచిది.

బీచ్ దగ్గర ఉంటాం. ఆరు నెలలకే ఇత్తడి ప్లేటు నల్లబడింది. చింతపండుతో తోమొచ్చా?

దేవుడి సామాన్లకి చింతపండు, పీతాంబరి బాగానే పనిచేస్తాయి, కానీ ఇక్కడ పులుపు గుంటల్లోకి దిగి రంగుని లేపేస్తుంది. ప్లేటు ఇంజను మీదే ఉంటే వాటర్ పేపరు చిన్న ముక్క పెన్సిల్ వెనక అతికించి, అక్షరాల మీద మాత్రమే రుద్దండి. మెరుపు రాగానే అదే రోజు క్లియర్ వార్నిష్ వేయాలి. ఉప్పుగాలి ఉన్న ఊరు మనది, వార్నిష్ లేని ఇత్తడి ఇక్కడ నిలవదు.

బ్రిటిష్ మోడల్ కొన్నాను. టెండర్ (ఆవిరి ఇంజను వెనకుండే బొగ్గు, నీళ్ల బండి) మీద సింహం ఎటు చూడాలి?

1956లో వచ్చిన బ్రిటిష్ రైల్వేస్ సింహం గుర్తులో మొదట రెండు పక్కలా సింహం ఇంజను ముందువైపే చూసేది. రాజచిహ్నాల నియమానికి అది విరుద్ధమని అభ్యంతరం రావడంతో తర్వాత రెండు పక్కలా ఎడమకే తిప్పారు. మీ ఫొటో ఏ కాలానిదో చూసి వేయండి.

## వార్నిష్, ఆ తర్వాత

వార్నిష్ కొట్టగానే మోడల్ మీద మంచు పట్టినట్టు తెల్లబడింది.

గాల్లో తేమ. స్ప్రే లోని ద్రావకం ఆవిరవుతూ ఆ చోటుని చల్లబరుస్తుంది, తేమ అక్కడ దిగి వార్నిష్‌లో చిక్కుకుంటుంది. విశాఖలో జూన్ నుంచి అక్టోబరు దాకా ఇది మామూలే. తుపాను కబురు ఉన్న వారంలో డబ్బా ముట్టుకోకండి. డిసెంబరు, జనవరి మధ్యాహ్నాలు మనకి అన్నిటికన్నా మంచివి.

ఆగలేకపోతే మోడల్‌ని సిలికా జెల్ పొట్లాలతో మూత ఉన్న డబ్బాలో రాత్రంతా ఉంచి, ఎండ వచ్చాక తీసి పలచగా కొట్టి మళ్లీ డబ్బాలోనే ఆరబెట్టండి. ఏసీ గదిలోంచి తీసి నేరుగా బాల్కనీలోకి తేవద్దు. చల్లటి గ్లాసుకి చెమట పట్టినట్టు బాడీకి నీరు పడుతుంది. లాకర్ వార్నిష్ ఇప్పటికే తెల్లబడి ఉంటే, పొడి రోజు చూసి అదే వార్నిష్ ఇంకో పలచటి కోటు వేయండి. చాలాసార్లు కిందిది కరిగి తేటపడుతుంది.

కేకే (కొత్తవలస-కిరండూల్) లైను ఇంజనులా ఎర్ర దుమ్ము వేయాలి. డెకాల్స్‌కి ముందా, తర్వాతా?

తర్వాతే. కిరండూల్ నుంచి పోర్టుకి ఇనుప ఖనిజం లాగే ఇంజనుకి దుమ్ము పట్టేది అక్షరాల మీద కూడా. డెకాల్, దాని మీద మ్యాట్ వార్నిష్, అది ఆరాక ఇటుక రంగు పేస్టల్ పొడి మెత్తటి బ్రష్షుతో. చక్రాల దగ్గర ఎక్కువ, పైకి పోయేకొద్దీ తక్కువ. నంబరు మీద తడి ఇయర్ బడ్‌తో ఒకసారి తుడవండి. చదవాల్సిన నంబరు కాబట్టి షెడ్డులోనూ ముందు తుడిచేది దాన్నే.

ఆయుధపూజ నాటి ఇంజనులా బొట్టు, దండ పెట్టాలనుంది. కుదురుతుందా?

తప్పకుండా పెట్టండి, మన ఊరి మోడల్ అని చెప్పడానికి ఇంతకన్నా మంచి గుర్తు నాకు తెలియదు. విభూతి రేఖలకి తెల్ల డెకాల్ పేపరు లోంచి జుట్టంత సన్నటి ముక్కలు మూడు. బొట్టు సూది మొనతో పెట్టిన ఎర్ర ఎనామిల్ చుక్క. నిజమైన కుంకుమ వాడొద్దు, వార్నిష్ కింద పాకిపోతుంది. బంతిపూల దండకి దారాన్ని తెల్ల జిగురులో ముంచి, పసుపు, నారింజ రంగుల సన్న స్పాంజి పొడిలో దొర్లించండి. దండ నంబరుని కప్పకుండా చూసుకోండి.

మిగిలిన అంకెలు దాచుకోవచ్చా? ఎన్నాళ్లు ఆగుతాయి?

జిప్ కవర్‌లో సిలికా జెల్ పొట్లంతో పెట్టి, పుస్తకం మధ్యలో చదునుగా ఉంచితే ఏళ్లు ఆగుతాయి. కవర్ మీద కొన్న తేదీ రాయండి. పాత షీట్ వాడేముందు పనికిరాని అంకె ఒకటి నీళ్లలో వేసి చూడండి. ముక్కలైతే మిగతా షీట్ మీద క్లియర్ లాకర్ ఒక కోటు వేసి, ఒక రోజు ఆరనిచ్చి, మళ్లీ ఒక అంకెతో పరీక్షించండి.